హ్యామ్ రేడియో కొనేముందు: నంబర్లు ఎంతవరకు చూడాలి, చెవికీ చేతికీ ఏం వదిలేయాలి

"అన్నా, ఈ రెండిట్లో ఏది తీసుకోమంటావ్?" అంటూ వాట్సాప్‌లో రెండు హ్యామ్ రేడియోల (లైసెన్స్ తీసుకుని సరదాకి మాట్లాడుకునే సెట్ల) బ్రోషర్లు వచ్చి పడతాయి. కింద డీబీలు, మైక్రోవోల్టులు, పీపీఎంలు పక్కపక్కన పేర్చిన పట్టిక. నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇలా అడుగుతున్నారు. ఎక్కువమంది బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, హెచ్‌ఎస్‌ఆర్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళే. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా పద్ధతి ఒక్కటే. స్పెసిఫికేషన్లని జల్లెడలా వాడండి, త్రాసులా వాడకండి. మీకు పనికిరాని సెట్లని రాల్చడం వరకే వాటి పని. జల్లెడలో మిగిలిన రెండు మూడింట్లో ఏది అన్నది మీ చెవి, మీ వేళ్ళు, మీ ఇంటి టైమ్‌టేబుల్ తేల్చాలి.

ఇది నాకు డబ్బు పోగొట్టుకుని తెలిసింది. మొదటి హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్, అంటే షార్ట్‌వేవ్) సెట్ కోసం మూడు నెలలు స్ప్రెడ్‌షీట్ నడిపాను. అన్ని గళ్ళలోనూ ముందున్న సెట్టే కొన్నాను. పవర్ తగ్గించాలంటే మెనూలో మూడు మెట్లు దిగాలి. ట్రాన్స్‌మిట్ చేస్తే ఫ్యాన్ మిక్సీలా లేస్తుంది. మేముండేది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఐదు నెలలకే అది అటకెక్కింది. చవగ్గా దొరికిన పాత ఐదు వాట్ల సెట్ మాత్రం ప్రతి ఆదివారం టీ ఫ్లాస్కుతో పాటు టెర్రస్ మీదకి వస్తూనే ఉంది.

1. ముందు కాగితం చూసుకోండి

లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్ కొనకండి. మన దేశంలో వాడటమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా చట్టప్రకారం తప్పే.

మీ కాల్‌సైన్ (లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు పేరు) వీయూ3తో మొదలైతే రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, వీయూ2తో మొదలైతే జనరల్. హెచ్‌ఎఫ్‌లో రిస్ట్రిక్టెడ్ వాళ్ళకి 50 వాట్లు, జనరల్ వాళ్ళకి 400 వాట్లు పరిమితి. మీ లైసెన్స్‌తో వచ్చిన బ్యాండ్ల పట్టికని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బ్రోషర్‌లో ఏ నంబరు చూసినా ముందు దానితో పోల్చాలి. సెట్ 7.3 మెగాహెర్ట్జ్ దాకా పంపగలిగినా, మనకి అనుమతి 7.0 నుంచి 7.2 వరకే.

లైసెన్స్ ఇంకా చేతికి రాలేదా? ఆ నెలలు వృథా చేసుకోవద్దు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్‌ని (ఇంటర్నెట్‌లో పెట్టిన రేడియో రిసీవర్‌ని) బ్రౌజర్‌లో తెరిచి ఎవరైనా వినవచ్చు. ఒకరోజు ఎస్‌ఎస్‌బీ (గొంతుతో మాట్లాడే పద్ధతి) మాటలు, ఒకరోజు మోర్స్, ఒకరోజు ఎఫ్‌టీ8 (కంప్యూటర్లు పంపుకునే చిన్న సందేశాలు) గంటేసి సేపు వినండి. గంట తర్వాత ఏది ఆపబుద్ధి కాలేదో రాసిపెట్టుకోండి. రెండో అంచెలో పనికొస్తుంది.

2. ఒక వారం డైరీ రాయండి

ఇది చాలామంది దాటేస్తారు. తర్వాత వచ్చే బాధలన్నీ ఇక్కడ దాటేసినవే.

ఏడు రోజులపాటు, రేడియో దగ్గర కూర్చోగలిగే సమయం నిజంగా ఎప్పుడు దొరికిందో రాయండి. ఆశపడే సమయం కాదు, దొరికిన సమయం. ఒక్కోదానికీ నాలుగు మాటలు చాలు:

☐ ఎన్ని గంటలకి, ఎంతసేపు
☐ ఏ గదిలో, లేదా టెర్రస్ మీదా, కారులోనా
☐ ఆ పక్కన ఎవరు పడుకుని ఉన్నారు, ఎవరు చదువుకుంటున్నారు
☐ అప్పుడు మాట్లాడాలనిపించిందా, ఊరికే వినాలనిపించిందా, ఏదైనా విప్పి చూడాలనిపించిందా

ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్ళకి చాలావరకు రాత్రి పదిన్నర తర్వాతే ఖాళీ. ఆ వేళ పిల్లలు పడుకున్న ఇంట్లో "సీక్యూ సీక్యూ" (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) అని అరవలేరు. అంటే మీకు మోర్సో, ఎఫ్‌టీ8ఓ. హెడ్‌ఫోన్, చప్పుడు చేయని ఫ్యాన్ తప్పనిసరి. వంద వాట్లు, గొప్ప మైకు మీద పెట్టే డబ్బు దండగ.

ఆదివారం పొద్దున్నే ఖాళీ అయితే లెక్క వేరు. పగటిపూట 7 మెగాహెర్ట్జ్‌లో బెంగళూరు నుంచి హైదరాబాద్, విజయవాడ, ఇంకాస్త ఓపికపడితే విశాఖ దూరాలు అందుతాయి. మీకు కావలసింది తెలుగులో తీరుబడి ముచ్చట్లయితే, యూరప్‌ని పట్టే సామర్థ్యం మీద కట్టే డబ్బు మీ పనికి రాదు.

1478 మీటర్ల నంది కొండ మీదకి మోసుకెళ్ళాలనుకునేవాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యమైన స్పెసిఫికేషన్ బరువు, బ్యాటరీతో కలిపి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రిపీటర్ (అందుకున్న మాటని మళ్ళీ పంపే యంత్రం) ఆన్‌లో ఉన్నప్పుడు దాని ద్వారా మాట్లాడాలనుకునేవాళ్ళకి 145.990 మెగాహెర్ట్జ్‌లో పైకి పంపి, 437.800లో కిందకి వినగల సెట్, రిపీటర్‌ని తెరిచే 67 హెర్ట్జ్ టోన్, చేత్తో పట్టుకునే యాగీ యాంటెన్నా ఉంటే చాలు. దానికి లక్షల సెట్ ఎందుకు?

సోల్డరింగ్ ఐరన్ చేతికొస్తే గానీ తృప్తి లేని రకం కూడా ఉన్నారు. వాళ్ళు హైదరాబాద్‌లో అషర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ (ఇంట్లోనే కట్టుకునే సెట్) వైపు చూడాలి. పెద్ద కంపెనీల సెట్ల పక్కన పెడితే దాని అంకెలు చిన్నవే. అయినా ప్రపంచమంతా వేలమంది కట్టుకున్నారు, కట్టడంలోనే వాళ్ళకి సగం సరదా. ఒక్క జాగ్రత్త: ఇంట్లో కట్టిన ఏ ట్రాన్స్‌మిటర్‌కైనా హార్మోనిక్స్ (పంపే ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర పుట్టే అనవసర సిగ్నళ్ళు) ఎంత వస్తున్నాయో కొలిచే యంత్రం ఉన్న మిత్రుడి దగ్గర చూపించాకే యాంటెన్నాకి తగిలించండి.

3. ఇంట్లో గోల ఎంతో కొలవండి

ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటారు, ఫోన్ చార్జర్లు, కింద పార్కింగ్‌లో బండ్ల చార్జర్లు. అపార్ట్‌మెంట్‌లో ఇవన్నీ కలిసి హెచ్‌ఎఫ్ మీద చెవిలో జోరీగలా మోగుతుంటాయి.

పోయినేడాది ఒక శనివారం మధ్యాహ్నం బ్యాటరీ మీద సెట్ పెట్టి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర వింటున్నాను. సిగ్నల్ బలం చూపే మీటర్ ఎస్8 దగ్గర కదలకుండా నిలబడింది, వినబడేదంతా సరసర చప్పుడే. ఉన్నట్టుండి కరెంటు పోయింది. సూది ఎస్3కి పడింది. అప్పటిదాకా ఏమీ లేని చోట, రాజమండ్రి ఆయన ఒకరు తన పెరట్లో మామిడిచెట్టుకి తీగ కట్టిన సంగతి చెబుతూ వినిపించారు. నలభై సెకన్లు. కింద జనరేటర్ దడదడమంది, సూది మళ్ళీ ఎస్8. ఆయన అక్కడే ఉన్నారు, నాకే వినిపించడం మానేశారు.

ఆ ఐదు ఎస్ యూనిట్ల తేడాని ఏ కొత్త సెట్టూ పూడ్చదు. లెక్క చూడండి. హెచ్‌ఎఫ్‌లో ఎస్9 అంటే మైనస్ 73 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలహీనం), ఒక్కో ఎస్ యూనిట్ 6 డీబీ (రెండు బలాల మధ్య తేడా కొలత). ఇంటి గోల ఎస్7 ఉంటే అది మైనస్ 85. మామూలు సెట్ కూడా మైనస్ 130 దాకా వినగలదు. గోల కింద 45 డీబీ లోతున పడి ఉన్న సామర్థ్యం అది. ఇంకో సెట్ మైనస్ 138 దాకా వింటుందని ఎక్కువ డబ్బు పెడితే, పెళ్ళి బ్యాండు పక్కన నిలబడి గుసగుస వినడానికి మంచి వినికిడి యంత్రం కొన్నట్టే.

చేయవలసింది:

☐ సెట్ లేకపోతే బ్యాటరీతో నడిచే షార్ట్‌వేవ్ రేడియో చాలు. స్టేషన్ లేని చోట పెట్టి గదిగదికీ తిరగండి
☐ మీ ఫ్లాట్ మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వినండి. చప్పుడు తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు
☐ ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ ఎక్కడ చప్పుడు మొదలవుతుందో రాయండి
☐ దొరికిన చార్జర్‌నో బల్బునో మార్చండి, లేదా తీగకి గోలని అడ్డుకునే ఫెర్రైట్ క్లిప్పులు వేయండి
☐ టెర్రస్ మీద కూడా ఒకసారి వినండి. తేడా పెద్దదైతే, మీ స్టేషన్ అక్కడే

4. యాంటెన్నాకి చోటు తేల్చాకే సెట్ జోలికి వెళ్ళండి

అసోసియేషన్ వాళ్ళతో "టవర్" అన్న మాట పొరపాటున కూడా అనకండి, సెల్ టవర్ అనుకుని మీటింగ్ పెడతారు. బట్టలారేసే తీగ లాంటిది ఒకటి కడతానని చెప్పండి, అబద్ధమేమీ కాదు. ఎంత పొడుగు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరి దారికీ అడ్డం రాకుండా ఎంత ఎత్తులో అన్నది కాగితం మీద గీసి, లైసెన్స్ కాపీ జతచేసి ఇవ్వండి.

డైపోల్ (మధ్యలో సెట్‌కి కలిపే తీగ యాంటెన్నా) పొడవుకి 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి సుమారు 20 మీటర్లు. టెర్రస్ అంత పొడవు లేకపోతే మధ్యలో పైకెత్తి, రెండు చివర్లూ కిందకి వాలేలా కట్టండి. వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) లోని 145కి పావు తరంగం తీగ 49 సెంటీమీటర్లే, బాల్కనీలో పట్టేస్తుంది.

కోయాక్స్ (యాంటెన్నాని సెట్‌కి కలిపే కేబుల్) దగ్గర పిసినారితనం వద్దు. వీహెచ్‌ఎఫ్‌లో సన్న ఆర్‌జీ-58 వంద మీటర్లకి సుమారు 20 డీబీ తింటుంది. టెర్రస్ నుంచి 20 మీటర్లు దిగేసరికి 4 డీబీ, అంటే పంపిన పవర్‌లో సగానికన్నా ఎక్కువ తీగలోనే పోయింది. లావుపాటి ఆర్‌జీ-213 అయితే నష్టం అందులో సగం కూడా ఉండదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం అదే 20 మీటర్ల ఆర్‌జీ-58 ఒక డీబీ లోపే తింటుంది, అక్కడ సన్నదే చాలు. కనెక్టర్లు, తీగ, ఫెర్రైట్లు ఎస్‌పీ రోడ్డులో చూసుకుని కొనండి. పీఎల్-259 కనెక్టర్ మధ్య పిన్ను గోటితో కదిపి చూడండి, ఊగితే వద్దు.

మార్చి నుంచి మే దాకా మామిడి జల్లులతో పాటు పిడుగులూ వస్తాయి. వాడనప్పుడు కోయాక్స్ ఊడదీసి సెట్‌కి దూరంగా పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

5. జల్లెడ పట్టడం: ఏ నంబరు ఎంతవరకు

ఇప్పుడు బ్రోషర్ తెరవండి. ఒక్కో గడికి "చాలు" లేదా "చాలదు" అని మాత్రమే రాయండి. మార్కులు వేశారో, మళ్ళీ నా స్ప్రెడ్‌షీటే మొదలవుతుంది.

పవర్. 100 వాట్లకీ 50 వాట్లకీ తేడా 3 డీబీ, అవతలివాళ్ళ మీటర్ మీద అర ఎస్ యూనిట్. దానికోసం దిగులు పడకండి. 5 వాట్లకీ 100 వాట్లకీ తేడా మాత్రం 13 డీబీ, రెండు ఎస్ యూనిట్ల పైమాటే. ఎస్7గా వినిపించాల్సిన మీరు ఎస్5కి పడిపోతారు. అవతల ఇంట్లో గోల ఎస్6 ఉంటే మీరు లేనట్టే. నా సలహా: మాటలే మీ సరదా అయితే లైసెన్స్ ఒప్పుకున్నంతలో 50 వాట్ల దాకా పోయే సెట్ చూడండి. మోర్స్, ఎఫ్‌టీ8 అయితే 5, 10 వాట్లు చాలు. కొత్తలో ఐదు వాట్లతో ఎస్‌ఎస్‌బీలో పిలిచి పిలిచి, ఎవరూ పలకక విసుగెత్తి మానేసినవాళ్ళని చూశాను.

సెన్సిటివిటీ, అంటే ఎంత బలహీనమైన సిగ్నల్ వినగలదో. హెచ్‌ఎఫ్‌కి ఈ గడి కొట్టేయండి. కారణం మూడో అంచెలో చెప్పాను. వీహెచ్‌ఎఫ్‌లో, దానికి పైన 300 మెగాహెర్ట్జ్ దాటిన యూహెచ్‌ఎఫ్‌లో గోల తక్కువ కాబట్టి అక్కడ చూడాలి.

డైనమిక్ రేంజ్. అందరూ కొట్టుకునేది దీని దగ్గరే. పక్కపక్కనే రెండు బలమైన సిగ్నళ్ళు ఉన్నప్పుడు సెట్ తనంతట తాను దొంగ సిగ్నళ్ళు పుట్టించకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె ఇది. షెర్వుడ్ అనే ఇంజనీరు ఇంటర్నెట్‌లో పెట్టిన పట్టిక రిసీవర్లని వరుస పెట్టేది ఈ కొలత ప్రకారమే. 2 కిలోహెర్ట్జ్ దూరంలో 85 డీబీ దాటితే "చాలు" అని రాసి ముందుకు వెళ్ళండి. 95కీ 105కీ తేడా మన అపార్ట్‌మెంట్ గోలలో తెలియదు. రెండు సందర్భాలు మినహాయింపు: అక్టోబరు చివర్లో వచ్చే సీక్యూ వరల్డ్‌వైడ్ లాంటి పోటీల్లో గంటల తరబడి కూర్చునేవాళ్ళు, అదే వీధిలో ఇంకో హ్యామ్ ఉన్నవాళ్ళు. మీరు ఆ రకమైతే పట్టికలో పై వరుసలే చూడండి, నేను అడ్డు చెప్పను.

చవక హ్యాండ్‌హెల్డ్‌లు బోల్తా పడేదీ ఇక్కడే. ఇంట్లో బాగా వినిపించిన బావోఫెంగ్ లాంటి సెట్‌ని ట్రాన్స్‌మిటర్ టవర్లు ఉన్న ఎత్తైన చోటికి తీసుకెళ్ళి పెద్ద యాంటెన్నా తగిలిస్తే మూగబోవచ్చు. సెట్ పాడైందనుకుని కంగారుపడకండి, యాంటెన్నా చిన్నది చేస్తే మళ్ళీ వింటుంది.

స్థిరత్వం. ఫ్రీక్వెన్సీ ఎంత జరగకుండా నిలుస్తుందో చెప్పేది. 0.5 పీపీఎం (పది లక్షల్లో అర వంతు) అంటే 28 మెగాహెర్ట్జ్ దగ్గర 14 హెర్ట్జ్ తేడా. 2.5 పీపీఎం అయినా 14 మెగాహెర్ట్జ్ దగ్గర 35 హెర్ట్జే, మాటలకి ఏమీ తెలియదు. యూహెచ్‌ఎఫ్‌లో ఎస్‌ఎస్‌బీ, డిజిటల్ చేసేవాళ్ళకే ఇది పట్టింపు.

కరెంటు. వంద వాట్ల సెట్ 13.8 వోల్టుల దగ్గర ట్రాన్స్‌మిట్‌లో 20 ఆంపియర్లు దాటుతుంది, ఊరికే వింటున్నా ఒక ఆంపియర్ అటూఇటూ తింటుంది. టెర్రస్ మీదకి 7 ఆంపియర్-అవర్ బ్యాటరీతో వెళ్ళేవాళ్ళు వినేటప్పటి కరెంటు ఎంతో ముందు చూడాలి. రోజులో తొంభై పాళ్ళు వినడమే కదా.

లోపలి ట్యూనర్. చాలా సెట్లలో ఇది 3:1 ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్‌కి ఎంత కుదరలేదో చెప్పే అంకె) వరకే సర్దుతుంది. అడ్డదిడ్డంగా కట్టిన తీగని అది మంచి యాంటెన్నాగా మార్చదు. ఐకామ్ ఐసీ-7300లో ట్యూనర్ ఉంది. అదే కంపెనీ పది వాట్ల ఐసీ-705లో, యేసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-891లో లేదు. కొలతకి కోసిన డైపోల్ కట్టుకుంటే అది లోటుగా అనిపించదు.

ట్రాన్స్‌మిట్ శుభ్రత. బ్రోషర్‌లో దీన్ని ఎవరూ చదవరు, ఎందుకంటే దీని బాధ మనకి కాదు, పక్క ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకునేవాళ్ళకి. మీరు ఎంత వెడల్పుగా చిందుతున్నారో చెప్పే అంకె ఇది. రెండు సెట్ల మధ్య ఊగిసలాడుతుంటే, నేనైతే ఇందులో మెరుగైనదానికే మొగ్గుతాను.

ఇంతా చేస్తే మామూలుగా మూడు సెట్లు మిగులుతాయి. పది మిగిలితే రెండో అంచెలో డైరీ సరిగా రాయలేదన్నమాట.

6. ఇరవై నిమిషాల చేతి పరీక్ష

మిగిలిన సెట్లు ఎవరి దగ్గర ఉన్నాయో వెతకండి. బెంగళూరులో ఇది కష్టం కాదు. బెంగళూరు అమెచ్యూర్ రేడియో క్లబ్ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యామ్స్ ఉంది. హ్యామ్‌లకి తమ సెట్ చూపించడమంటే మహా సరదా, మీరు అడగడమే ఆలస్యం. వెళ్ళేటప్పుడు మీ హెడ్‌ఫోన్ మీరే తీసుకెళ్ళండి. లైసెన్స్ లేకపోతే వినడం వరకే.

మొదటి ఐదు నిమిషాలు: మాన్యువల్ చూడకుండా. ఆన్ చేసి, 7.1 మెగాహెర్ట్జ్, ఎల్‌ఎస్‌బీ (7 మెగాహెర్ట్జ్‌లో మాటలకి వాడే ఎస్‌ఎస్‌బీ రకం) దగ్గరికి వెళ్ళండి. యజమానిని నోరు మెదపొద్దనండి. ఎన్ని నొక్కులు పట్టాయో లెక్కపెట్టండి.

తర్వాతి ఐదు: నాబ్. ఎవరైనా మాట్లాడుతున్న చోటికి రండి. దూరంగా ఉన్నప్పుడు గొంతు బాతు అరుపులా ఉంటుంది. నెమ్మదిగా తిప్పుతుంటే కీచుగొంతు అవుతుంది, ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా మనిషి అవుతాడు. ఆ చివరి యాభై హెర్ట్జ్ దగ్గర మీ వేలిని గమనించండి. ఒక వేలితోనే ఆ చోటు దొరికిందా, దాటిపోయి వెనక్కి రావలసి వచ్చిందా? నాబ్‌కి బరువుందా, లేక ఖాళీ డబ్బా మూతలా తిరుగుతోందా? ఏడాదిలో కొన్ని వేలసార్లు చేయబోయే పని ఇది. దీనికి బ్రోషర్‌లో గడి లేదు.

మూడో ఐదు: చెవి. హెడ్‌ఫోన్ పెట్టి బలహీనమైన స్టేషన్ ఒకటి పట్టుకుని, కళ్ళు మూసుకుని వినండి. సెట్ సొంత హిస్ ఎంత? ఐదు నిమిషాలకి కణతలు బరువెక్కాయా? నాయిస్ రిడక్షన్ వేయండి. కొన్ని సెట్లలో గొంతు తేటపడుతుంది, కొన్నింట్లో బిందెలో మూతి పెట్టి మాట్లాడినట్టు అవుతుంది. "డీఎస్‌పీ (సిగ్నల్‌ని లెక్కలతో శుభ్రం చేసే చిప్) ఉంది" అన్న ఒక్క మాటతో రెండూ అమ్ముతారు.

చివరి ఐదు: చీకట్లో. గదిలో లైటు ఆపి, మోడ్ మార్చండి, పవర్ తగ్గించండి, హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచండి. ఆ తర్వాత డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించి, పవర్‌ని వేడిగా మార్చే పెట్టె) మీద రెండు నిమిషాలు ట్రాన్స్‌మిట్ చేయించి ఫ్యాన్ వినండి. మీరు వాడబోయేది రాత్రి పదకొండుకి పడకగది పక్కన అయితే, సెట్‌ని పాస్ చేసేదీ ఫెయిల్ చేసేదీ ఈ రెండు నిమిషాలే.

టచ్ స్క్రీన్ మీద పారే వాటర్‌ఫాల్‌ని (బ్యాండ్‌లోని సిగ్నళ్ళని గీతలుగా చూపే బొమ్మని) పాత కాపులు బొమ్మలాట అని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. బ్యాండ్ ఎక్కడ తెరుచుకుందో కంటికి కనబడితే ఇంకో అరగంట కూర్చుంటారు. కాకపోతే తెర చూస్తూ తెల్లటి గీతల వెంట పరుగెత్తేవాళ్ళు సన్నటి సిగ్నళ్ళు చెవితో వెతకడం మానేస్తారు, అదీ చూశాను.

లేచేటప్పుడు ఒకటే రాసుకోండి: ఇరవై నిమిషాలు అయిపోయాయన్నప్పుడు మీ చేయి ఇంకా నాబ్ మీదే ఉందా? జల్లెడలో రాలిపోయిన సెట్ మీద మాత్రం చేయి ఎంత లాగినా వెనక్కి వెళ్ళొద్దు.

కొందరికి కొలవడమే ఆనందం. బ్రోషర్ చదువుతుంటే కళ్ళు మెరిసేది మీకేనా? అయితే సెట్ చవకదే తీసుకుని, మిగిలినదాంతో ఒక నానోవీఎన్‌ఏ (యాంటెన్నాలు కొలిచే చిన్న యంత్రం) కొనండి. యాంటెన్నాలు కోస్తూ, కొలుస్తూ, మళ్ళీ కోస్తూ ఆర్నెల్లు హాయిగా గడిచిపోతాయి.

7. డబ్బు పంచడం

మొత్తం బడ్జెట్‌లో సగమే సెట్‌కి. మిగతా సగం పవర్ సప్లై, కోయాక్స్, తీగ, హెడ్‌ఫోన్, బ్యాటరీ, ఇంటి గోల తగ్గించే ఫెర్రైట్లు. చవక ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) కొంటే అదే కొత్త జోరీగ. కొనేముందు దాని పక్కన రేడియో పెట్టి వినండి.

8. సెకండ్ హ్యాండ్ అయితే

నా పాత సెట్ ఒకాయన దగ్గర కొన్నాను. 7 మెగాహెర్ట్జ్‌లో చూసి, బాగుందని తెచ్చేశాను. ఇంటికొచ్చి 28లో చూస్తే ఉండవలసిన పవర్‌లో పావు వంతు కూడా లేదు. నేను 28 వాడేది తక్కువ కాబట్టి సరిపెట్టుకున్నాను. మీరు అలా చేయకండి.

☐ అసలు బిల్లు, అమ్మేవారి లైసెన్స్ కాపీ, సెట్ వెనక సీరియల్ నంబర్ మూడూ కలుస్తున్నాయా
☐ డమ్మీ లోడ్ మీద ప్రతి బ్యాండ్‌లోనూ పవర్
☐ నాబ్ నెమ్మదిగా తిప్పితే అంకెలు వెనక్కి గెంతుతున్నాయా
☐ డిస్‌ప్లేలో చచ్చిన గీతలు
☐ మైక్ తీగ మెడ దగ్గర వంచి మాట్లాడితే తెగుతోందా
☐ చెన్నై నుంచి వచ్చిన సెట్ అయితే స్క్రూలు, కనెక్టర్ల తుప్పు. సముద్రపు గాలి ముందు పట్టేది వాటినే

9. మామూలుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

"కొత్త సెట్‌లో ఏమీ వినబడట్లేదు." సెట్ మార్చకండి. మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ మీద వినండి. తర్వాత ప్రీయాంప్ (వచ్చే సిగ్నల్‌ని పెంచేది) తీసేయండి. ఊళ్ళో 7 మెగాహెర్ట్జ్ మీద ప్రీయాంప్ వేస్తే గోలని పెద్దది చేసుకోవడమే, ఒక్కోసారి అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) వేస్తేనే చెవికి హాయి.

"అన్నీ చేసే సెట్ ఒకటే కొంటే పోలా?" హెచ్‌ఎఫ్, వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటే, కొండకి తీసుకెళ్ళిన రోజు ఇంట్లో రేడియో లేదు. పైగా ఇంట్లో వెనక తీగలన్నీ పీకాలి, వచ్చాక మళ్ళీ తగిలించాలి. మూడోసారి నుంచి కొండకి వెళ్ళరు.

"మెనూలు గుర్తుండట్లేదు." రోజూ వాడేవి ఐదే ఉంటాయి. వాటిని ముందుండే బటన్లకి కేటాయించి, మిగతావి చిన్న కాగితం మీద రాసి సెట్ మీద అంటించండి. నెలైనా చూడాల్సి వస్తుంటే అమ్మేయండి.

"సరదా తగ్గిపోయింది, పెద్ద సెట్ తీసుకోనా?" ముందు లాగ్‌బుక్ తీసి, గత ముప్పై రోజుల్లో ఎన్ని గంటలు కూర్చున్నారో కూడండి. వారానికి గంటైనా లేకపోతే ఈ వరుసలో మార్చి చూడండి: సెట్ పెట్టిన చోటు, కుర్చీ, హెడ్‌ఫోన్, యాంటెన్నా, మోడ్. ఇవన్నీ అయ్యాకే సెట్. అల్మారాలో దాచి ప్రతిసారీ తీసి తగిలించేవాళ్ళు, దాన్ని బల్ల మీద శాశ్వతంగా పెడితే చాలు, గంటలు వాటంతట అవే పెరుగుతాయి.

"అటకెక్కిన సెట్ ఏం చేయను?" దుమ్ము దులిపి, బిల్లు వెతికి, లైసెన్స్ ఉన్నవాళ్ళకే అమ్మండి. నాది పోటీల పిచ్చి ఉన్న మిత్రుడు తీసుకున్నాడు. అతనుండేది ఊరి చివర సొంత ఇల్లు, మేడ మీద విడిగా గది. ఫ్యాన్ సంగతి అడిగితే, "ఫ్యానా? హెడ్‌ఫోన్ తీస్తే కదా వినపడడానికి" అన్నాడు.